కాశీరాజు నుయ్యి

దగ్గరికి జరగండర్రా. ఒలే, ఆ తాటిమట్ట కొంచెం పక్కకి తొయ్యి, పొగంతా నా కళ్లలోకే వస్తంది. చలి చలి అని వణుకుతారు గాని, నేను ఇంగ్లండులో ఇరవై ఎనిమిది చలికాలాలు గడిపినోణ్ణి. అక్కడ చలిమంట వీధిలో వెయ్యరు. ఇంట్లో గోడకే గూడు కట్టి, దానికో పొగగొట్టం పెట్టి, అందులో బొగ్గు రాజేసీవోరు. మనిషికి ముందువైపు కాలిపోతాది, వీపు గడ్డకట్టుకుపోతాది.

నిన్న పెద్దది అడిగింది కదా, తాతా, నువ్వక్కడ చూసినవాటిలో గొప్పది ఏది అని. రాణీగారి కోటా, గడియారం గోపురమా అని పేర్లు కూడా తనే అందించింది. అవన్నీ చూశాను. అవి మీ పుస్తకాల్లో బొమ్మలేసి ఉంటాయి, నేను చెప్పేదేటి? నేను చూసిన గొప్పది ఒక నుయ్యి. నవ్వకండి.

రెడింగ్ అని థేమ్స్ నది ఒడ్డున ఒక పట్నం. అక్కడ బస్సు నడిపీవాణ్ణి. నది దాటి ఉత్తరానికి పది మైళ్లు పోతే చిల్టర్న్ కొండలు. కొండలంటే మన సాలూరు వైపు కొండల్లాగ అనుకునేరు. మనం గుట్ట అనే దాన్ని కూడా వాళ్లు కొండే అంటారు. నిండా బీచ్ చెట్లు. ఆ చెట్ల మధ్య, గుట్ట నెత్తిమీద, స్టోక్ రో అని ఒక ఊరు. అక్కడ ఊరిని పారిష్ అంటారు, ఒక చర్చి కిందికి వచ్చే ఇళ్లూ పొలాలూ పొలిమేరా అన్నీ కలిపి. నాతోపాటు బస్సు నడిపే ఒకాయనది ఆ ఊరు. 1978లో ఒక ఆదివారం నాడు, "మీ దేశం నుయ్యి ఒకటి మా ఊళ్లో ఉంది, వస్తావా" అన్నాడు. నూతికి దేశమేటి అని నవ్వీశాను.

వెళ్లాం. ఎర్ర ఇటుకల ఇళ్లు, కంచెలు, ఎవరిదో కుక్క. ఒక మలుపు తిరిగేసరికి పచ్చగడ్డి మీద గుమ్మటం. ఇనప స్తంభాలు, వాటిమీద గుండ్రటి గుమ్మటం, చుట్టూ గోడలేమీ లేవు, నాలుగు పక్కలా గాలి ఆడుతోంది. లోపల పెద్ద చక్రాలు, ఆ చక్రాల మీద బంగారం రంగు పూసిన ఏనుగు. ఏ జాతరలోనో దారితప్పిన రథం అక్కడిదాకా వచ్చి నిలిచిపోయినట్టుంది. గుమ్మటం అంచున రాసుంది, ఈ నూతిని ఇచ్చింది కాశీ మహారాజు అని. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనీవోరు కదా మన ముసలాళ్లు. నేను కాశీ చూడకుండానే విమానమెక్కాను. కాశీ నాకంటే వందేళ్ల ముందే వచ్చి అక్కడ కూర్చుంది.

అసలు ఆ ఊరికి నీళ్ల కరువేటి, రోజూ వాన పడే దేశం కదా అంటారా? నేనూ అదే అడిగాను. ఆయన దారిపక్క మట్టికట్ట మీద నుంచి ఒక తెల్లరాయి విరిచి నా చేతిలో పెట్టాడు. వేళ్లకి తెల్లగా అంటుకుంది. సుద్ద. మీ మేష్టారు పలక మీద రాసే సుద్ద లేదూ, ఆ గుట్టంతా అదే, మధ్య మధ్యలో చెకుముకి రాళ్లు. వాన కురిస్తే జల్లెడలో పోసినట్టు కిందకి దిగిపోతాది. నెత్తిమీద చుక్క నిలవదు. జిగటమన్ను తవ్వుకున్న గుంటల్లో నిలిచిన మురికినీళ్లు, చూరు కింద పట్టుకున్న వాననీళ్లు, ఇవే తాగీవోరు. ఎండాకాలం గుంటలు ఎండిపోతే మైళ్లకొద్దీ నడిచి మోసుకొచ్చీవోరు. ఆడవాళ్లే, మరెవరు.

దానికి పక్క ఊరు ఇప్స్‌డెన్. అక్కడ రీడ్ అని జమీందార్లలాంటి కుటుంబం. ఆ ఇంటి కొడుకు ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ మన దేశంలో కంపెనీ కొలువుకి వచ్చాడు. అతని తమ్ముడు చార్లెస్ రీడ్ నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడట, నేను చదవలేదు. ఈ ఎడ్వర్డ్ కాశీకి దగ్గర ఆజంగఢ్‌లో 1831లో జనం కోసం నుయ్యి తవ్వించాడు. పైకి పోయి పోయి ఆగ్రాలో పెద్ద హోదాకి చేరాడు. కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్‌కీ ఇతనికీ స్నేహం. ఎప్పుడో మాటల్లో రాజుకి తన ఊరివైపు సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ఒక గుంటణ్ణి తల్లి చితకబాదుతుంటే చూశాడట. ఎందుకంటే, ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు వాడు తాగీశాడని.

రీడ్ 1860లో ఉద్యోగం మానీసి ఇంటికి పోయాడు. రాజుకి ఇంగ్లండులో ఏదైనా ధర్మం చెయ్యాలనిపించింది. అప్పుడు ఆ గుంటడు గుర్తొచ్చాడు. 1857 పోరాటంలో ఈ రాజు తెల్లవాళ్ల పక్షం, అది కూడా మీరు తెలుసుకోవాలి. మంచి పని వెనక ఒక్క కారణమే ఉంటాదని నేను అనుకోను. దయా ఉంటాది, లెక్కా ఉంటాది. ఎడ్లబండికి రెండెడ్లు.

1863 మార్చి 10న మొదటి గునపం దిగింది. ఆరోజు అక్కడి యువరాజు పెళ్లి. మరుసటేడు మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, నుయ్యి జనానికి తెరిచారు. ఆ ముహూర్తాలు చూశారా, మన పంతులుగారు పెట్టినట్టు లేవూ? మధ్యలో పద్నాలుగు నెలలు. వెడల్పు నాలుగడుగులు. నువ్వు లేచి చేతులు చాపరా. అదిగో, నీకు సరిపోతాది, మీ నాన్నకి చాలదు. అంత ఇరుకులో, చేతి పనిముట్లతో, 368 అడుగులు. హైదరాబాదు తీసుకెళ్లినప్పుడు చార్మినారు చూశారు కదా? చార్మినారు మీద ఇంకో చార్మినారు ఎక్కించి కిందకి దించితే దాదాపు అంచుకి సరిపోతాది. మన పేటలో నుయ్యి తవ్వినప్పుడు నేను లోపలికి దిగాను, ముప్పై అడుగులకే పైన ఆకాశం పళ్లెమంత అయిపోయింది. 368 అడుగుల కిందున్నోడికి అది రూపాయి బిళ్లంత అయినా కనిపించి ఉంటాదా? రాజు పేరు గుమ్మటం మీద ఉంది. తవ్వినోడి పేరు ఎవరు రాస్తారు?

ఖర్చు 353 పౌండ్ల 13 షిల్లింగుల 7 పెన్నీలు. ఆ ఏడు పెన్నీలు కూడా వదలకుండా రాసినోణ్ణి మెచ్చుకోవాల. చక్రాలు దగ్గర్లోనే వాలింగ్‌ఫర్డ్‌లో వైల్డర్ల ఇనప కార్ఖానాలో పోతపోశారు. పక్కనే నూతి కాపలావాడికి ఎనిమిది మూలల చిన్న ఇల్లు. మన దేశంలో దానం చేస్తే చేసిన రోజే సందడి, మరుసటేడు గిలక విరిగితే అడిగే నాథుడుండడు. ఈ రాజు అలగ వదల్లేదు. నూతి పక్కన నేల కొని చెర్రీ తోట వేయించాడు. పళ్లు అమ్మిన డబ్బు నూతి మరమ్మతుకి, నీళ్లు మాత్రం అందరికీ ఊరికే. తోటకి ఈశ్రీ బాగ్ అని పేరు, ఈశ్వరీప్రసాదులో ఈశ్వరి తెల్లవాడి నాలిక మీద అలగ తిరిగింది. చేప ఆకారంలో ఒక చెరువు కూడా తవ్వించారు, ఎందుకంటే చేప కాశీరాజు చిహ్నం.

ఆ చుట్టుపక్కల పాత కట్టడాలు ఇంకా ఉన్నాయి. స్టోక్ రో చర్చి 1846లో చెకుముకి రాళ్లతో కట్టింది. చెకెండన్‌లో చర్చి ఎనిమిది వందల ఏళ్ల పైమాటే, బాగుంటాది, లోపల చలి చంపీస్తాది. ఇప్స్‌డెన్ పొలాల్లో మాత్రం ఒక రాతి గురుతుంది, అది నాకు మరుపు రాదు. ఎడ్వర్డ్ రీడ్‌కి అన్న ఒకడు 1827లో మన సహారన్‌పూర్‌లో చనిపోయాడు. కబురు ఓడలో చేరాలంటే నెలలు పట్టే రోజులు. తల్లికి మాత్రం ఆ పొలంలో కొడుకు రూపం కనిపించిందనీ, అక్కడే ఆ రాయి నిలబెట్టారనీ ఊరివాళ్లు చెప్పుకుంటారు. రాయి మీద సహారన్‌పూర్ పేరు చదువుతుంటే పక్కన గొర్రెలు మేస్తున్నాయి.

మన విజయనగరం రాజుగారి సంగతి కూడా చెప్పాల. కాశీరాజు నుయ్యి తర్వాత మూడేళ్లకి, 1867లో, మన విజయరామ గజపతిగారి డబ్బుతో లండన్ హైడ్ పార్కులో మంచినీళ్ల ఫౌంటెన్ లేచింది. శిఖరాలతో, చెక్కడాలతో, గుడి గోపురంలాగ ఉండీదట. మన రాజులకి కాశీలో కూడా కోట ఉంది, రాకపోకలున్నాయి. ఒకరిని చూసి ఒకరికి బుద్ధి పుట్టిందేమో, ఎవరికి తెలుసు. నాకు మింగుడుపడనిది ఒకటుంది. దానికి ముందేడే, 1866లో, మన పక్క గంజాం జిల్లాలో కరువొచ్చి జనం పిట్టల్లాగ రాలిపోయారు. రాజుగారు ఇక్కడ ధర్మం చెయ్యలేదని అనను, చాలా చేశారు. కాని దాహమేసిన లండనువాడికి నీళ్లిచ్చిన రాయి గురించి చదివినప్పుడల్లా గంజాం గుర్తొస్తాది, నేనేం చెయ్యను. ఆ ఫౌంటెన్‌ని 1964లో తీసీశారు. అదే ఏడు స్టోక్ రోలో నూతికి నూరేళ్ల పండగ. రాణీగారి భర్త ఫిలిప్ వచ్చాడు, కాశీ నుంచి గంగ తెచ్చి ఆ నూతిలో కలిపారు. ఒకటి పోయిన ఏడే ఇంకోదానికి గంగాభిషేకం. అప్పటికి ఊళ్లోకి కుళాయిలు వచ్చీశాయి, నూతికి తోడే పని తప్పిపోయింది.

ఏటిరా, నిద్దరొస్తందా? కొంచెం ఆగు, అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ ఆదివారం నా స్నేహితుడు, నీళ్లు తాగి దెబ్బలు తిన్న గుంటడి కథ చెప్పి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఒంట్లో బాగుందా అన్నాడు. బాగుందన్నాను. అతనికి ఏమని చెప్పను?

నాకు ఏడేళ్లప్పుడు మన పేటకి నుయ్యి లేదు. ఊరి నూతికే పోవాల. పోయినా చేంతాడు మనం ముట్టకూడదు. గట్టు కింద కుండ పెట్టుకుని నిలబడాల. నీళ్లకొచ్చిన ఊరి అమ్మ ఎవరైనా జాలిపడి ఒక చేద పైనుంచి వంపితే పట్టుకోవాల. మా అమ్మ, అదే మీ తాతమ్మ, మిట్టమధ్యాహ్నం దాకా అలగే నిలబడీది. ఒకరోజు ఎండకి ఆగలేక, ఎవరూ లేరని చూసి, నేను గట్టెక్కాను. గిలక కిర్రుమంది. ఆ చప్పుడికి నాకే గుండె ఆగింది గాని చేద వదల్లేదు, లాగాను, తాగాను. చేంతాడు తడిగా, చల్లగా, చేతుల్లో బతికున్నదానిలాగ ఉంది. నీళ్ల రుచి గుర్తులేదు గాని ఆ తాడు గుర్తుంది.

ఊరివాళ్లు నన్నేమీ అనలేదు. కొట్టింది మా అమ్మ. చింత బరికెతో, వీధి మధ్యలో, అందరికీ కనబడేలాగ. కొడుతూ నా వంక చూడదు, ఊరివైపు చూస్తది. ఎవరు చూస్తున్నారు, ఎంతమంది చూశారు, ఈ దెబ్బలు సరిపోతాయా, ఇంకా కావాలా. తను కొడితే ఇంకొకరు కొట్టరని. అది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1986లో అమ్మని ఇంగ్లండు తీసుకెళ్లాను. లండన్ చూపిస్తే కాళ్లు నొప్పులంది. ఒకనాడు కారులో స్టోక్ రో తీసుకుపోయాను. కథంతా చెప్పాను, రాజూ, దొరా, గుంటడూ. చింత బరికె మాట నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. చెర్రీ చెట్ల కింద నిలబడి చాలాసేపు ఆ ఏనుగుని చూసింది. తర్వాత నూతి దగ్గరికి వచ్చి, నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది, "ముట్టుకోవచ్చా?"

ముట్టుకోమన్నాను. చక్రం కదలదు, బిగించీశారు. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆ ఇనుము మీద వేసింది. లోపలికి వంగి చూసింది. ఎంత లోతని అడిగింది. చెప్పాను. బారల్లో చెప్పమంది. అరవై బారల పైనే అన్నాను.

"ఓలమ్మో," అంది. "ఇన్ని బారలు తోడాల్సిన ఆడవాళ్ల చేతులు ఏమైపోయుంటాయిరా?"