ఏ గూటి చిలక?

ఆవకాయని పచ్చడి అనాలా, ఊరగాయ అనాలా అని ఏ పెళ్ళి భోజనాల దగ్గరైనా ఒక్కసారి అడిగి చూడండి. ఏడాది నిలవుండేదల్లా ఊరగాయేనని ఒకావిడ అంటుంది. మా వైపు అన్నీ పచ్చళ్ళేనమ్మా అని ఇంకొకావిడ అంటుంది. రోట్లో నూరందే పచ్చడెలా అవుతుందని మూడో ఆవిడ దీర్ఘం తీస్తుంది. ఈలోగా ఆవకాయ మాత్రం, మీరేమన్నా అనుకోండి అన్నట్టు, వేడివేడి అన్నంలో కలిసి గొంతు దిగిపోతుంది.

పేర్ల తగాదాలన్నీ ఇలా తమాషాగానే మొదలవుతాయి. కానీ ఒక్కోసారి పేరు వెనకాల ఒక బహుమతి ఉంటుంది. ఎన్నాళ్ళుగానో గుమ్మం బయట నిలబడ్డవాళ్ళ ఉక్రోషం ఉంటుంది. అప్పుడిక అది తమాషా కాదు. 1989 ఫిబ్రవరి 22న అమెరికాలో, లాస్ ఏంజిలిస్ నగరంలో జరిగింది అలాంటి తగాదాయే.

సినిమావాళ్ళకి ఆస్కార్ ఎలాగో, పాటల రికార్డుల వాళ్ళకి గ్రామీ అలాగ. ఆ ఏడాది గ్రామీ వాళ్ళు మొట్టమొదటిసారిగా 'హార్డ్ రాక్, మెటల్' సంగీతానికి విడిగా ఒక బహుమతి పెట్టారు. హెవీ మెటల్ అంటే మాటకి మాట అర్థం చెప్పుకుంటే బరువైన లోహం. వినడానికీ అలాగే ఉంటుంది. కరెంటు గిటార్లు గర్జిస్తాయి, డ్రమ్ములు ఇంటి గోడల్ని అదరగొడతాయి, మేడమీద పిల్లాడు రికార్డు పెడితే కింద వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి! పెద్దమనుషులు దాన్ని సంగీతం అనడానికే ఒప్పుకోలేదు చాలాకాలం. రికార్డులు లక్షల్లో అమ్ముడవుతున్నా బహుమతుల సభలో దానికంటూ ఒక పీట లేదు. ఇన్నాళ్ళకి పీట వేశారు.

ఆ పీట మీద కూర్చోబోయేది మెటాలికా బృందమేనని అందరూ ఖాయం చేసుకున్నారు. కాలిఫోర్నియా కుర్రాళ్ళు, 1981లో మొదలుపెట్టినవాళ్ళు. యుద్ధంలో కాళ్ళూ చేతులూ, చూపూ మాటా పోగొట్టుకున్న సైనికుడి మీద వాళ్ళు కట్టిన పాటని ఆ రాత్రి అదే వేదిక మీద వాయించారు కూడా. పోటీలో మొత్తం అయిదు పేర్లు. ఆలిస్ కూపర్ (పేరు చూసి ఆవిడనుకునేరు, ఆయన మగవాడే!), లీటా ఫోర్డ్ కలిసి కవరు విప్పారు. అందులో ఉన్న పేరు 'జెత్రో టల్'.

సభలో ఒక్క క్షణం ఆశ్చర్యం, తరవాత గోల. బహుమతి అందుకోవడానికి గెలిచినవాళ్ళు రానేలేదు. మీకు వచ్చే ఆశ లేదు, అంతదూరం ప్రయాణం దేనికని వాళ్ళ రికార్డు కంపెనీయే వద్దందిట.

ఎవరీ జెత్రో టల్? 1967లో ఇంగ్లండులో పుట్టిన బృందం. మొదట్లో వీళ్ళ కచేరీలు ఎవరికీ నచ్చక, పిలిచిన క్లబ్బువాళ్ళు మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు. అంచేత ప్రతిసారీ కొత్త పేరు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అలా అద్దెకి తెచ్చుకున్న పేర్లలో ఇదొకటి. కచేరీలు కుదిర్చే ఆఫీసులో చరిత్ర చదువుకున్న ఒకాయన ఇచ్చాడు. ఆ పేరుతో వెళ్ళినప్పుడు లండన్‌లోని మార్కీ క్లబ్బు వాళ్ళకి నచ్చి మళ్ళీ పిలిచారు. దాంతో ఆ పేరే ఉండిపోయింది!

అసలు జెత్రో టల్ (1674–1741) పాటగాడు కాదు, వ్యవసాయం చేసినవాడు. విత్తనాల్ని చల్లకుండా వరసగా సాళ్ళలో వేసే యంత్రం చేశాడు. మన రైతుల గొర్రు చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు. పైన గిన్నెలో గింజలు పోస్తుంటే గొట్టాల్లోంచి సాల్లోకి జారే ఆ పనిముట్టు మన దేశంలో ఆయన కన్నా ముందునుంచీ ఉంది. అయితే టల్‌గారికి తన యంత్రంలోని కీలకం తట్టింది ఎక్కడనుకున్నారు? తాను విప్పి చూసిన ఆర్గన్ అనే వాద్యంలో! చదువుకున్నది లా, బతికింది పొలంలో, ఆలోచన వచ్చింది సంగీతంలోంచి. ఇటువంటి మనిషి పేరు పెట్టుకున్న బృందం ఒక గూట్లో ఇముడుతుందా మరి?

ఇమడలేదు. 1968లో వచ్చిన మొదటి రికార్డు నల్లవాళ్ళ బ్లూస్ బాణీ, కాస్త జాజ్ తాలింపు. అదే దారిలో పోదామన్న గిటారు వాద్యకారుడు మిక్ ఏబ్రహామ్స్ మాట చెల్లక బయటికి వెళ్ళిపోయాడు. 1969లో బాక్ అనే జర్మన్ మహానుభావుడి స్వరరచనని తమ పద్ధతిలో వాయించారు. 1971లో 'ఆక్వాలంగ్' వస్తే, ఇందులో పాటలన్నీ కలిపి ఒకే కథ అని విమర్శకులు తేల్చారు. కాదు బాబూ, విడివిడి పాటలే అని నాయకుడు ఇయాన్ ఆండర్సన్ మొత్తుకున్నా వినలేదు. అయితే ఇదిగో మీరడిగిందే అన్నట్టు 1972లో నలభై నిమిషాలకి పైగా సాగే ఒకే ఒక్క పాటతో రికార్డు తెచ్చాడు. అట్టని పన్నెండు పేజీల పత్రికలా అచ్చు వేసి, లేని ఒక పిల్లాడు రాసిన కవిత అని నమ్మించాడు. విమర్శకుల్ని వెక్కిరించడానికి చేసిన ఆ పని అమెరికా అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1977 వచ్చేసరికి అడవులు, పల్లె పండుగలు, జానపద బాణీలు. ఇంతకీ బహుమతి తెచ్చిన రికార్డు 1987 నాటిది. ఆండర్సన్‌కి గొంతు ఆపరేషన్ జరిగిన తరవాతది. గొంతు కిందికి దిగింది కదా, ఇదేమిటి డైర్ స్ట్రెయిట్స్ బృందంలా ఉందన్నారు కొందరు!

వీటన్నిటి మధ్యా మారనిది ఒక్కటే, ఆండర్సన్ చేతిలో ఫ్లూటు. ఎరిక్ క్లాప్టన్ అంతటివాడు ఉండగా గిటారులో నేను పైకి రాలేననుకుని, తన గిటారు ఇచ్చేసి, మారకంలో ఫ్లూటూ మైకూ తీసుకున్నాట్ట. గురువు లేడు, తనకి తానే నేర్చుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడి వాయించే ఆ భంగిమ చూస్తే మనకి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? చాలా ఏళ్ళ తరవాత కూతురు బళ్ళో ఫ్లూటు నేర్చుకుంటుంటే తెలిసింది, తాను ఇన్నేళ్ళూ వేళ్ళు పెడుతున్న తీరు తప్పని. మళ్ళీ కూచుని దిద్దుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఫ్లూటున్న పాట హెవీ మెటలా?

అటువాళ్ళ వాదన అటుంది. బహుమతి పేరులో మెటల్ ఒక్కటే లేదు, హార్డ్ రాక్ కూడా ఉంది. ఈ బృందంలో మార్టిన్ బార్ గిటారు గట్టిగానే మోగుతుంది. ఇంకో సంగతి. హెవీ మెటల్‌కి పునాది వేసిన బ్లాక్ సాబత్ బృందంలోని టోనీ అయోమీ 1968 డిసెంబరులో కొద్దిరోజులు జెత్రో టల్‌తో కలిసి వాయించాడు. రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోతే, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, తీగెల్ని వదులు చేసుకుని వాయించిన మనిషి. మెటల్‌కి ఆ బరువు అక్కణ్ణించే వచ్చింది. కనక చుట్టరికం లేదనడానికి వీల్లేదు.

కానీ చుట్టరికం వేరు, ఇంటిపేరు వేరు. ఓటు వేసిన అకాడమీ సభ్యులు రకరకాల సంగీతాల వాళ్ళు. అయిదు పేర్లలో తమకి చిరకాలంగా తెలిసిన పేరు పక్కన గీత పెట్టి ఉంటారని నాకనిపిస్తుంది. అంటే, కొత్తగా వచ్చినవాళ్ళ కోసమని గది కట్టి, గృహప్రవేశం నాడు తాళంచెవి పాత చుట్టానికి ఇచ్చారన్నమాట. ఆ చుట్టం చెడ్డవాడు కాదు. అయినా ఎవరి కోసం కట్టారో వాళ్ళు మళ్ళీ గుమ్మం బయటే నిలబడ్డారు.

మనవాళ్ళ సంగతే చూడండి. 1970లలో వారపత్రికల్లో రచయిత్రుల సీరియల్స్ కోసం ఇల్లిల్లూ ఎదురుచూసేది. వాటిని 'ఆడవాళ్ళ నవలలు' అని ఒక గూట్లోకి తోసేశారు. ఆ పేరు తప్పని ఎలా అంటాం? రాసింది ఆడవాళ్ళేగా! కానీ ఆ పేరు పెట్టాక ఇక చదివి చూడక్కర్లేదనుకున్నారు చూశారూ, అదీ అసలు అన్యాయం. గూడు సామాను సర్దుకోవడానికి పనికొస్తుంది. తెరిచి చూడకుండా తలుపు వేసెయ్యడానికి కూడా పనికొస్తుంది. మెటల్ కుర్రాళ్ళ కోపం నాకు అర్థమైంది ఇక్కడే.

అదృష్టం ఏమిటంటే, ఎవరూ మరీ ముఖం మాడ్చుకు కూర్చోలేదు. జెత్రో టల్ కంపెనీవాళ్ళు పత్రికలో ప్రకటన వేశారు: ఫ్లూటు కూడా బరువైన లోహవాద్యమేనండీ అని! మన మురళి వెదురుది గానీ వాళ్ళది నిజంగా లోహమే మరి. మెటాలికా వాళ్ళు తమ రికార్డుల మీద 'గ్రామీలో ఓడినవారు' అని చీటీ అంటించి అమ్ముకున్నారు. 1990లో గ్రామీవాళ్ళు హార్డ్ రాక్‌నీ, మెటల్‌నీ విడదీసి రెండు బహుమతులు చేశారు. మెటల్ బహుమతి ఆ సైనికుడి పాటకే వచ్చింది. 1992లో మళ్ళీ గెలిచినప్పుడు మెటాలికా డ్రమ్ముల లార్స్ ఉల్‌రిక్ వేదికెక్కి, ఈ ఏడాది రికార్డు విడుదల చెయ్యనందుకు జెత్రో టల్‌కి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఆ రోజు ఎంత మండిపోయి ఉంటే మూడేళ్ళు గుర్తుపెట్టుకుంటాడు!

ఆండర్సన్ మాత్రం డెబ్భై అయిదేళ్ళ వయసులో, 2023లో, ఇంకో రికార్డు తెచ్చాడు. దాని పేరులో రాక్‌నీ ఫ్లూటునీ కలిపి ఒకే మాట చేసి 'రాక్‌ఫ్లూటె' అన్నాడు. ఏ గూట్లో పెట్టాలో పాపం వాళ్ళకెందుకు శ్రమ అనుకున్నాడేమో, తన గూడు తనే కట్టుకున్నాడు.