మా పదో తరగతి కాలజ్ఞానం, కరణం మనవడి వీలునామా

ఇట్ల దగ్గరికి రాండి. ఆ కందికంప ఇంకో రెండు పుల్లలు ఎగదోయండి. సెండాఫ్ గురించి నువ్వు చెప్పిందంతా విన్నాలే అమ్మీ. ఒక్కొక్కరికి ఒక టైటిల్ ఇస్తారంట, ఒకడు ‘ఫ్యూచర్ సీఎం’, ఇంకొకడు ‘స్లీపింగ్ స్టార్’. బాగుంది. మీరే కొత్తగా కనిపెట్టినామనుకుంటాండారు గాని, 1985లో మేము పదో తరగతి వదిలిపోయేటప్పుడు అంతకు నాలుగాకులు ఎక్కువే చదివినాం.

ముందు ఆ కాలం ఎట్లాంటిదో చెప్తా, లేకుంటే మీకు నవ్వు రాదు. 1984 జనవరిలో కరణాలు, మునసబుల ఉద్యోగాలు ఒక్క దెబ్బకు తీసేసినారు. ఆగస్టులో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావును గద్దె దించినారు, నెల తిరిగేసరికి మళ్లా ఎక్కినాడు. ఆ నడుమ అన్నీ బందులే. అక్టోబరు 31న ఇందిరమ్మను చంపేసినారు. బడి నడిచిన దినాల కన్నా మూసిన దినాలే జాస్తి అనిపించేది మాకు. అంత గందరగోళంలో నవంబరు ఆఖరుకు బ్రహ్మంగారి సినిమా వచ్చింది. రామారావే బ్రహ్మంగారు, రామారావే డైరెక్షను, కొడుకు బాలకృష్ణ సిద్ధయ్య. మనదేమో బ్రహ్మంగారి సీమ. కందిమల్లాయపల్లె మఠానికి ఏటా పోయేవాళ్లం, బనగానపల్లెలో ఆయన గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాసిన కథ మా జేజి నోట వినని రోజు లేదు. ఆ సినిమా చూసొచ్చినాక ఊర్లో ఎవరు నోరు తెరిచినా కాలజ్ఞానమే. బర్రె పాలియ్యకున్నా బ్రహ్మంగారు ముందే చెప్పినాడనేవాళ్లు.

మార్చి మొదట్లో అసెంబ్లీ ఓట్లు వచ్చె. మా అయివార్లంతా ఎలెక్షన్ డ్యూటీలకు పాయె. పరీక్షలు ముందర పెట్టుకుని మమ్మల్ని చదువుకోండని తరగతిలో కూర్చోబెట్టి పోతే మేం చదువుతామా? ఆ ఖాళీలోనే పుట్టింది మా కాలజ్ఞానం.

తాటాకులు యాడ తెచ్చేది? రఫ్ నోటు కాగితాలు పొడుగ్గా చీల్చి, పురికొసతో కుట్టినాం. మాలో పొట్టోడొకడుండె, వాడికి దూదితో గడ్డం పెట్టి బ్రహ్మంగారిని చేసినాం. సిద్ధయ్య వేషానికి పోటీ పడినారు గాని, తలకు పచ్చ తువ్వాలు ఎవరింట్లో ఉంటే వాడే సిద్ధయ్య అని తీర్మానమయ్యింది. సిద్ధయ్య చేతులు కట్టుకుని అడగాల, “స్వామీ, చివరి బెంచీలో పడుకునే వాడి గతి ఏమి?” అని. స్వామి కండ్లు మూసుకుని చెప్పాల, “వాడు నైట్ వాచ్‌మన్ అయితాడు సిద్ధా, పగలు పడుకున్న నిద్ర రాత్రికి అక్కరకొస్తుంది” అని.

ఊరి చందాలు, వినాయకుడి చందాలు, క్రికెట్ బంతికి చందాలు వసూలు చేసేవాడొకడుండె. లెక్క మాత్రం ఎప్పుడూ చెప్పడు. వాడు కలెక్టరు అయితాడని రాసినాం, వసూలు చేసే పనే గదా అని. ఇంకొకడు ప్రతి పీరియడ్లోనూ “సార్, నీళ్లకు” అని లేచేవాడు. వానికేమో “నీళ్లు లేని దేశంలో నీ బతుకు” అని రాసినాం. నాకు రాసింది చెప్తే మీరు నవ్వుతారు. “వీడు పదిలో తప్పి, పదిలోనే ఉండి, నాలుగేండ్ల తర్వాత తమ్ముడితో కలిసి పరీక్ష రాస్తాడు.” మీ నాయన అప్పుడు ఆరో తరగతి.

అయివార్లను వదులుతామా? మా హెడ్‌మాస్టరు రిటైరయ్యే వయసుకు దగ్గర్లో ఉండె. 1983లో సర్కారు రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు దించింది, కొన్నాళ్లకు మళ్లా 58కి ఎక్కించింది. ఆయప్ప ఇంటికి పోతాడో ఉంటాడో ఆయప్పకే తెలియని పరిస్థితి. మేం రాసిందేమంటే, “ఈయన వయసు దేవుని చేతిలో లేదు సిద్ధా, సర్కారు చేతిలో ఉంది. పెంచితే పడుచువాడు, దించితే ముసలాయన.” ఇది రాసింది నేనే. ఇప్పుడు చెప్పినా ఏం చేస్తారులే.

బ్రహ్మంగారు కాలజ్ఞానాన్ని బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతిపెట్టినాడంటారు గదా. మేం కూడా మా పోగును పాలిథీన్ సంచిలో చుట్టి బడిలో వేపచెట్టు కింద పాతినాం, ఇరవై ఏండ్లకు తీద్దామని. తొమ్మిదో తరగతి నాకొడుకులు ఆ సాయంత్రమే తవ్వుకపోయినారు. మర్సనాటికి రచ్చబండ కాడ చదువుతాండారు, జనం పొట్టలు పట్టుకుని నవ్వుతాండారు. కాగితాలు చేతులు మారి మారి హెడ్‌మాస్టరు టేబుల్ మీదికి చేరినాయి.

మమ్మల్నందర్నీ పిలిపించినాడు. బెత్తం టేబుల్ మీద ఉంది, దాని పక్కన మా కాలజ్ఞానం ఉంది. నిండా ఎర్ర సిరా. గుణింతాల తప్పులన్నీ దిద్దినాడు, వాక్యాలు సరిచేసినాడు, ఆఖర్న నూటికి 35 మార్కులు వేసినాడు. “పాసే గాని, పబ్లిక్ పరీక్షలో ఈ తెలుగు రాస్తే నేను బాధ్యుణ్ణి కాదు” అన్నాడు. తన మీద రాసిందాన్ని మాత్రం దిద్దలేదు. దాని పక్కన టిక్కు కొట్టినాడు.

ఇంక వీలునామా సంగతి. ఇది కాలజ్ఞానం కన్నా గట్టి పని, ఎందుకంటే దీన్ని రాసింది కరణం మనవడు. వాళ్లబ్బ ఉద్యోగం పోయి ఏడాది దాటింది. లెక్కల పుస్తకాలు అప్పజెప్పేసి, ఆ ముసలాయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూస్తాండేవాడు. మనవడికి మాత్రం దస్తావేజుల భాష నోటికి వచ్చు. స్టాంపు కాగితం యాడ తెచ్చేదిరా అంటే నవ్వినాడు. “వీలునామాకు స్టాంపు అక్కర్లేదురా, తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులుండాల” అన్నాడు. అది నిజమే, ఇప్పటికీ అంతే. “రాసినోడు పోయినాకే గదరా అమలయ్యేది?” అని ఒకడడిగితే, “లెక్కల పరీక్ష రాసినాక మనం ఉంటామా?” అన్నాడు.

సెండాఫ్ నాడు, బూందీ, కారాలు పంచక ముందే, వాడు లేచి రాగం తీసి చదివినాడు. ఫలానా పదో తరగతి వాళ్లమైన మేము, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మా స్వాధీనంలో ఉన్న స్థిరచరాస్తులను తొమ్మిదో తరగతి వాళ్లకు రాసిచ్చినదేమనగా… అని. మొదటి ఆస్తి చివరి బెంచీ. దానికి చెక్కుబందీ కూడా రాసినాడు: తూర్పు, బీటలిచ్చిన గోడ. దక్షిణం, ఊచ లేని కిటికీ. పడమర, లెక్కల అయివారి చూపు పడే హద్దు. ఉత్తరం, తలుపు. ఈ నాలుగు హద్దుల నడుమ ఉన్న బెంచీ, దాని మీద బ్లేడుతో చెక్కిన పేర్లతో సహా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో మీరు అనుభవించవచ్చును. ఊచ లేని కిటికీ గుండా మధ్యాహ్నం సినిమాకు పోయే దారి హక్కు కూడా మీదే. ఆ మాటకు డ్రిల్లు అయివారు దగ్గినాడు. రెండు రోజుల్లో ఆ కిటికీకి ఊచ పడింది, ఆ హక్కు అట్లా పాయె.

ఆరుగురం పంచుకుని వాడిన కాంపాసు పెట్టె, ముల్లు లేనిది, ఒకరికి. టూర్నమెంటులో ఓడినప్పుడు చెప్పే సాకులు క్రికెట్ టీముకు. ఆలస్యంగా వచ్చినప్పుడు చచ్చిపోయినారని చెప్పిన బంధువుల జాబితా ఒకటి, ఎవరు ఎన్నిసార్లు చచ్చినారో గుర్తులతో సహా, అందరికీ ఉమ్మడిగా.

అప్పుడొచ్చింది కథ అప్పుల కాడికి. బడి గేటు ముందర ఉడకబెట్టిన శెనక్కాయలమ్మే అవ్వ ఒకతుండె. మా తరగతి మొత్తం ఆమెకు బాకీ. ఆస్తి తీసుకున్నోళ్లే బాకీ కట్టాలని రాసినాడు కరణం మనవడు. తొమ్మిదో తరగతి వాళ్లు లేచి, అట్లయితే మాకీ ఆస్తి వద్దే వద్దన్నారు. గొడవ. అవ్వను పిలవండన్నాడు హెడ్‌మాస్టరు. గంట కొట్టే అటెండరు ఒక సాక్షి, అవ్వ రెండో సాక్షి. ఆమె వేలిముద్ర వేసి, “కాగితం నా కొంగున కట్టుకుంటా, డబ్బులు ఎవరిస్తే వాళ్లతో వసూలు చేసుకుంటా” అన్నది. పరీక్షలకు ముందే చెల్లించినాం, ఏంజేస్తాం. వడ్డీ కింద ఇంకా నాలుగు దోసిళ్లు కొనిపించింది.

ఇంతవరకు నవ్వులే. ఆడపిల్లలు మా తరగతిలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కాలజ్ఞానంలో వాళ్లందరికీ మేం ఒకే మాట రాసినాం, రిజల్టు కన్నా ముందే పెండ్లి అని. వీలునామాలో అది కూడా లేదు, అంతా మగపిల్లలకే. ఒక పిల్ల లేచి నిలబడింది. మగ్గం నేసే వాళ్లింటి పిల్ల. “సార్, ఆడపిల్లలకు భాగమేది?” అని అడిగింది. కరణం మనవడు తడుముకోకుండా, దస్తావేజుల్లో ఆడపిల్లలకు పసుపుకుంకుమ కింద ఇస్తారు గాని భాగం పెట్టరన్నాడు. వాడి తప్పేముంది, వాడు చూసిన కాగితాల్లో అంతే ఉండె. ఆ పిల్ల కూర్చోలేదు. “వేపచెట్టు నీడ మాకు రాసియ్యండి” అన్నది. మూడేండ్లుగా ఆ నీడ మగపిల్లలదే. మధ్యాహ్నం సంగటి గిన్నె పట్టుకుని ఆడపిల్లలు వరండాలో గోడకానుకుని తినేవాళ్లు, ఆ సంగతి మాకెవరికీ తట్టనే లేదు. హెడ్‌మాస్టరు కలం తీసి కరణం మనవడి చేతికిచ్చినాడు. సగం నీడ, పొద్దు తిరిగేకొద్దీ నీడ ఎటు పోతే అటు, ఆడపిల్లలకు అని రాసినాక గాని బూందీ పంచనీలేదు.

ఇందులో విచిత్రమేమంటే, తర్వాతి ఏడు, 1986లో, మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుహక్కు. 1985 సెప్టెంబరు 5 నుంచే అమలన్నారు. అంతకు ముందే పెండ్లయి పోయిన ఆడపిల్లలకు మాత్రం అది వర్తించలేదు. అంటే మా కాలజ్ఞానం నిజమై, రిజల్టు కన్నా ముందే పెండ్లయి ఉంటే, ఆ పిల్లలకు ఆ హక్కు లేకుండా పోయేది. దేశమంతటికీ ఆ మాట వచ్చింది 2005లో. ఇరవై ఏండ్లు!

రిజల్టు పేపర్లో నంబర్లుగా వచ్చేది అప్పుడు. బస్టాండులో ఒక పేపరు, దాని చుట్టూ మేమంతా. నా నంబరు మూడో క్లాసు గళ్లలో దొరికింది. అట్లా నా జోస్యం తప్పింది, మీ నాయనతో కలిసి పరీక్ష రాసే యోగం తప్పింది.

మిగతావి? కలెక్టరు కావాల్సినోడు చీటీలు నడిపినాడు, వసూలు మాట వరకు నిజమే. నిద్రపోయేవాడు మిలిట్రీకి పోయినాడు, రాత్రి గస్తీలు కాసినాడు. కరణం మనవడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందర దస్తావేజు లేఖరిగా కూర్చున్నాడు, అది ఎవరం రాయలేదు గాని అందరికీ తెలుసు. నీళ్లకని లేచేవాడు కువైట్ పోయినాడు. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు మాకు తెలిసిన ఉద్యోగాలంటే అయివారు, కండక్టరు, పోలీసు, అంతే. కడప జిల్లా నుంచి ఇంతమంది కువైట్ పోతారని ఎవరికి తోచింది? 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు, కట్టుబట్టలతో అమ్మాన్ దాకా పోయి, అక్కడ ఎయిరిండియా విమానమెక్కి వచ్చినాడు. ఎడారిలో బాటిల్ నీళ్లు నలుగురు పంచుకున్నారంట. ఊరికొచ్చినాక మొదటి మాట నాతోనే అన్నాడు, “ఆ పొట్టి బ్రహ్మంగాడు యాడున్నాడో చెప్పు, తంతా” అని.

ఆ మగ్గమోళ్ల పిల్ల టీచర్ ట్రైనింగ్ చేసి సర్కారు బడిలో అయివారమ్మ అయ్యింది. ఆ కాలజ్ఞానం రాసినోళ్లలో ఇద్దరి పిల్లలకు చదువు చెప్పింది ఆమే.

మీరు కూడా రాసుకోండి అమ్మీ, ఫోన్లలో టైటిళ్లు కొట్టుకునేది చాలదు, కాగితం మీద రాయండి. ఆడపిల్లల భాగం ముందే పెట్టండి. సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలంటే నేనొకణ్ణి వస్తా, రెండో సాక్షిగా మీ క్యాంటీన్ వాణ్ణి పెట్టుకోండి, బాకీ తేల్చుకున్నాక.