చిన్నన్న: తిరుపత్తూరు సేవాచరిత్రలో ఒక పుట

దానం చేసినవారిని లోకం గుర్తుంచుకుంటుంది. దానంతో పాటు తమ పెద్దరికాన్ని కూడా వదులుకున్నవారు అరుదు. అట్టి అరుదైన సేవామూర్తి డాక్టర్ ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్. తిరుపత్తూరు ప్రాంత ప్రజలకు ఆయన ‘చిన్నణ్ణన్’, అనగా చిన్నన్న.

పేటన్ గారు 1891లో స్కాట్లండ్ దేశంలో జన్మించారు. ఆలోవా పట్టణంలో ఉన్ని నూలు మిల్లులు నడిపి సంపన్నులైన కుటుంబం వారిది. వైద్యవిద్య అభ్యసించే రోజులలో వారికి సవరిరాయన్ ఏసుదాసన్ గారితో స్నేహం కలిగింది. 1882లో జన్మించిన ఏసుదాసన్ గారు తమిళులు. బ్రిటన్‌లో వైద్యశాస్త్రం చదివినవారు. ఉభయులూ భారతదేశంలో కొంతకాలం మిషను సేవ చేసి, 1921లో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని తిరుపత్తూరులో క్రిస్తుకుల ఆశ్రమాన్ని స్థాపించారు. క్రిస్తుకులమనగా క్రీస్తు కుటుంబమని అర్థం.

ఆ కాలపు పరిస్థితులు తెలిస్తే గాని ఈ ఆశ్రమ విశిష్టత బోధపడదు. నాటి మిషను సంస్థలలో పెత్తనం సాధారణంగా తెల్లవారిది. దేశీయులు ఎంత చదువుకున్నా వారి చేతికింద పనిచేయవలసి వచ్చేది. ఆశ్రమంలో ఆ వరుస మారింది. ఏసుదాసన్ గారు ‘పెరియణ్ణన్’, పెద్దన్న. ధనవంతుడైన పేటన్ గారు ఆయనకు తమ్ముడు. ఇద్దరూ బ్రహ్మచారులుగా ఉండి, ఖద్దరు ధరించి, శాకాహారం భుజించి, పేద రోగులకు వైద్యం చేశారు. పేటన్ గారు తమకు సంక్రమించిన ఆస్తిని ఈ సేవకే వినియోగించారు. ఆశ్రమ ప్రార్థనాలయం కూడా ద్రావిడ దేవాలయ శిల్పపద్ధతిలో గోపురంతో రూపొందింది.

మిల్లు నూలుతో వర్ధిల్లిన ఇంటి బిడ్డ చేతి నూలు బట్ట కట్టడం వేషం కాదని 1932లో రుజువైంది. శాసనోల్లంఘన ఉద్యమకాలమది. మద్రాసులో విదేశీ వస్త్ర దుకాణాల వద్ద పికెటింగ్ జరిగే చోట ఖద్దరు ధరించి ఉన్న పేటన్ గారిపై పోలీసులు రంగునీళ్లు చిమ్మి, లాఠీలతో కొట్టారు. ఈ సంగతి బ్రిటిషు పార్లమెంటులో సైతం ప్రస్తావనకు వచ్చింది. తెల్లవాడై ఉండి కూడా ఆయన ఆనాడు భారతీయుల పాలి దెబ్బలలో పాలుపంచుకున్నారు. అటుపిమ్మట కూడా ఈ దేశాన్ని వీడక సేవలోనే కొనసాగారు.

పెద్దన్న 1969లో, చిన్నన్న 1970లో పరమపదించారు. వారు నాటిన ఆశ్రమానికి 2021 నాటికి నూరేళ్లు నిండాయి. 2019లో తిరుపత్తూరు ప్రత్యేక జిల్లా అయింది.

వేసవి సెలవులలో సేవా శిబిరాలకు వెళ్లే విద్యార్థులు ఈ చరిత్రను తెలుసుకోవడం అవసరం. గ్రామానికి ఏమి ఇచ్చి వచ్చామన్నది ఒక లెక్క. అక్కడివారిని పెద్దలుగా భావించి, వారి మాట విని, వారి నుండి ఏమైనా నేర్చుకున్నామా అన్నది అంతకన్న ముఖ్యమైన లెక్క. ఇచ్చే చేయి పైన ఉంటుందని సామెతగా చెబుతారు. ఇస్తూ కూడా కిందనే నిలవవచ్చునని చిన్నన్న జీవితం బోధిస్తున్నది.