సమాధి రాళ్ళ సంగతి

తమిళనాడులో స్థిరపడ్డ మన దేవాంగుల్లో లింగధారులైన కుటుంబాలున్నాయి. పోయినవారిని కూర్చోబెట్టి పూడ్చడం వాళ్ళ ఆచారం. పైన మట్టిదిబ్బే ఉండేది. పేరు చెక్కిన రాయి అందరూ పెట్టేవారు కాదు, పెట్టినవాళ్ళు తెలుగులోనే చెక్కించారు.

1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం శ్మశానాలకు రిజిస్టరు ఉండాలన్నది. 1999 నాటి గ్రామ పంచాయతీ నిబంధనల ప్రకారం, లైసెన్సున్న శ్మశానంలో తప్ప, ఇంటికిగానీ తాగునీటి వనరుకుగానీ 90 మీటర్ల లోపు పూడ్చకూడదు. దాంతో పెరట్లో తాతగారి పక్కనే అన్న మాట చాలావరకు చెల్లదు. అందరి శ్మశానానికే పోవాలి. అక్కడ చోటు ఊరందరిదీ. అడక్కుండా గట్టు కట్టి పెద్ద రాయి నిలబెడితే, రేపు తీసెయ్యమన్నప్పుడు మనం మాట్లాడలేం.

కూర్చోబెట్టే గుంట లోతెక్కువ. పూడ్చిన మట్టి వానలకి దిగుతుంది, రాయి వాలుతుంది. కర్మలయ్యేలోపే నిలపాలని తొందరపడతాం గానీ ఒక వానాకాలం పోనివ్వాలి. గుంటమగ్గానికి గుంజలు పాతేవాళ్ళం, దిమ్మిస కొట్టని మట్టి సంగతి మనకి వేరే చెప్పాలా! గుంట అంచు దాటి, గట్టినేలలో లోతుగా పాతాలి. దీపం పెట్టే రోజున పిల్లలు ఆ రాళ్ళకే ఆనుకుని నిలబడతారు.

2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక బడిలో తెలుగు మన పిల్లలకి దూరమైంది. ముత్తాతల పేర్లు తెలుగులో ఉన్నది కొన్ని ఇళ్ళకి ఆ రాళ్ళ మీదే. వాలినవాటిని సరిచేసేముందు ఒక్కో పేరూ ఫోటో తీసి, చదవగలిగిన పెద్దవాళ్ళుండగానే సంఘం పుస్తకంలో రాయించండి.