నావిక వర్తకులును రేవులలోని లంచమును

సముద్రయానమును గూర్చి ముచ్చటించునప్పుడు మనవారు తుపానులను, ఓడదొంగలను, దిక్కుదెలియని రాత్రులను వర్ణింతురు. ఓడ సురక్షితముగా రేవు జేరిన పిమ్మట నెదురగు నాపదను గూర్చి మాత్ర మెవ్వరును మాటాడరు. గాలికి, కెరటమునకు లొంగని వర్తకుడు రేవులో చాచిన యొక చేతికి లొంగిపోయిన యుదంతములు వాణిజ్యచరిత్రలో పెక్కులు గలవు. మన మహాసభ వార్షిక సంచికకు వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు కోరినప్పుడు, వంశప్రశస్తికి బదులు ఈ విషయమునే యెన్నుకొంటిని. దానికి కారణ మొకటి కలదు.

నాయొద్ద సంస్కృతము చదివిన శిష్యు డొకడు, మన కులమువాడే, వాణిజ్యనౌకలో నధికారిగా నున్నవాడు, సెలవులో నన్ను జూడవచ్చెను. కుశలప్రశ్నలైన పిమ్మట నాత డిట్లనెను: "గురువుగారూ, ఒక విదేశపు రేవులో తనిఖీకి వచ్చిన యుద్యోగి మా మందుల పెట్టెలో గడువు దాటిన సీసా నొకదానిని జూపి, ఓడ నాపివేయుదునని బెదరించి, సిగరెట్టు పెట్టెలు కోరినాడు. నేను కాదంటిని. ఓడ రెండు దినములు నిలిచిపోయినది. తుదకు కెప్టెనుగారే పెట్టెలిచ్చి పంపినారు. నాకు చీవాట్లు మిగిలినవి. నేను చేసినది ధర్మమా, తెలివితక్కువతనమా?" నే నప్పుడు సరియైన ప్రత్యుత్తర మీయజాలకపోతిని. ఆ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పునో వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రాజోద్యోగుల ధనాశ క్రొత్తది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నుద్యోగులు ధనము నపహరించు మార్గములు 40 అని లెక్కింపబడినవి. నీటిలోని చేప నీరు త్రాగుట యెట్లు కనిపెట్టరాదో, ఉద్యోగి ధనము మ్రింగుటయు నట్లే కనిపెట్టరాదను నుపమానమును ఆ గ్రంథములోనిదే. అయితే అందే నావధ్యక్షుని ధర్మములును చెప్పబడినవి. గాలివాన దెబ్బ తిని వచ్చిన యోడను రేవు నధికారి తండ్రివలె నాదరింపవలెను. నీట తడిసిన సరకునకు సుంకము మానవలెను, లేదా సగము మాత్రమే గైకొనవలెను. ఈ రెండు తావులను గలిపి చదివినచో శాస్త్రకారుని హృదయము బోధపడును. ఆపదలో నున్నవాని యవసరమే లంచగొండికి పంటభూమి. కావున నట్టివానిని ప్రత్యేకముగా గాపాడవలెను.

ఈ ధర్మమును మన తెలుగుదేశమున శిలాక్షరములతో స్థాపించినవాడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. చిన్నగంజాము సమీపమున నున్న మోటుపల్లి యానాడు మహాపత్తనము. అచ్చటి వీరభద్రాలయమున క్రీ.శ. 1244-45లో నాతడు వేయించిన యభయశాసనము నేటికిని చరిత్రకారుల ప్రశంస కాస్పదమై యున్నది. పూర్వరాజులు, దేశాంతరములకు బోవుచు తుపానుచే దారి తప్పి, పగిలి, తమ తీరమున గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగా నపహరించుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే ప్రియమని తలచి సముద్రమునకు సాహసించిన వర్తకులపై దయతో తాము నియతమైన సుంకము దక్క తక్కిన దంతయు విడిచితిమనియు నందు చెప్పబడినది. ఎగుమతి దిగుమతులపై 30వ వంతు సుంకముగా నిర్ణయింపబడెను. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, పగడములు, మిరియములు మున్నగువానికి వేరువేరుగా సుంకపు వివరములు చెక్కింపబడెను.

ఈ శాసనమును మనవారు రాజు కరుణకు నిదర్శనముగా మాత్రమే కొనియాడుచుందురు. కరుణ గొప్పదే, కాని దానికంటె గొప్పది ఆ సుంకముల పట్టిక యని నా తలంపు. రాతిపై వ్రాసిన సుంకమును చదివిన వర్తకుడు తా నీయవలసిన దెంతయో తెలిసికొనును. సుంకరి దానికి మించి యొక రూకయైన నడిగినచో, అది రాజాజ్ఞకు విరుద్ధమని యెల్లవారికి దెలియును. సుంకము సుంకరి నోట మాత్రమే యున్న రేవులో సుంక మేదో లంచ మేదో చెప్పుట కెవ్వరికిని సాధ్యము కాదు.

కాకతీయుల యనంతరము రెడ్డిరాజులు నా మార్గమునే యనుసరించిరి. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకుల కభయమిచ్చుచు మరల శాసనము వేయించెను. వచ్చినవారిని గౌరవింతుమనియు, పోదలచినవారి నడ్డగింపమనియు, సరకును వలసినవారి కమ్ముకొనవచ్చుననియు, సంతానము లేక మరణించినవారి సొత్తును రాజు గైకొనడనియు నందలి సారాంశము. ఇట్టి రక్షణ గల కాలముననే మన వైశ్యకులమున అవచి తిప్పయసెట్టి వంటి మహావర్తకుడు వర్ధిల్లెను. శ్రీనాథమహాకవి హరవిలాసమును గృతిగా నందిన యా పుణ్యాత్ముడు సింహళపు టేనుగులను, హురుముంజి గుఱ్ఱములను, చీనాదేశపు పట్టును దెప్పించి, కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చినవాడు. సముద్రమును నమ్మి సంపద గడించినవారి వెనుక, రేవును నమ్మదగినదిగా జేసిన పాలన యుండెనని మరువరాదు.

ఇక వ్యతిరేకోదాహరణము కొరకు దూరము పోనక్కరలేదు. మోటుపల్లి క్షీణించిన పిమ్మట మన తీరమున వెలసిన మహారేవు మచిలీబందరు. గోలకొండ సుల్తానుల కాలమున ఆ బందరు నధికారము జీతమునకు గాక యిజారాకు, అనగా గుత్తకు, ఈయబడుచుండెను. ఎక్కువ సొమ్ము పాడినవానికే పదవి. ఆ సొమ్ము నాతడు గడువులోపల రాజునకు జెల్లింపవలెను. 1618 మొదలు 1622 వరకు బందరులో నున్న విలియం మెథ్వోల్డు అను నాంగ్లేయ వర్తకుడు వ్రాసియుంచిన వృత్తాంతమున ఈ దుర్భరస్థితి కాననగును. బాకీ తీర్పలేని బందరు నధికారి యొకడు బెత్తపు దెబ్బలతోనే ప్రాణములు గోల్పోయెనని యాతడు వ్రాసెను. మెడమీద కత్తి వ్రేలాడు నుద్యోగి వర్తకుని నడ్డి విరుచుటలో నాశ్చర్య మేమున్నది? మన కోమటివర్తకులు చేనేతవారియొద్ద వస్త్రములు సేకరించి రేవునకు దెచ్చుచుండుటయు మెథ్వోల్డు గ్రంథమున గలదు. కాబట్టి ఆ యొత్తిడికి గురియైనవారిలో మన పూర్వులును గలరు.

విదేశీయులు దీనికి దమ వెరవును దాము చూచుకొనిరి. డచ్చివారు 1606లో ఫర్మానా సంపాదించి సుంకమును నూటికి 4 చొప్పున స్థిరపరచుకొనిరి. ఆంగ్లేయులు 1632 నాటి సువర్ణ ఫర్మానాతో సంవత్సరమునకు 500 వరాహలకు సుంకపు వ్యవహారమును ముగించుకొనిరి. అంతకుముందు, 1611లో వారి మొదటి యోడయైన గ్లోబులో వచ్చిన ఫ్లోరిసు అను వర్తకుడు, అధికారియొద్ద నుండి రావలసిన బాకీ యెంతకును రాకపోగా, ఆ యధికారి యింటివాని నొకనిని సుంకపు సావడినుండి పట్టి తన యోడమీదికి గొనిపోయి, తుదకు పైకము రాబట్టుకొనెను. ఫిరంగులు గలవారికి దౌర్జన్యము, ధనము గలవారికి ఫర్మానా. ఈ రెండును లేని దేశీయవర్తకునికి మిగిలినవి నజరానా, పేష్కషు, సలాము. స్థిరమైన సుంకము కొందరికి మాత్రమే లభించుటచేత, లంచము తక్కినవారి నెత్తిమీదికి మఱింత బరువుగా జారినది.

ఇచ్చట మన దోషమును గూడ నొప్పుకొనవలెను. తన మూటలు ముందుగా నోడ కెక్కవలెనని, పొరుగువాని మూటలు వెనుక బడవలెనని కోరి, అడుగకముందే కానుక పంపిన వర్తకులు ప్రతియుగమునను గలరు. అట్టివాడు లంచగొండికి బాధితుడు కాడు, గురువు. మొదటివాడు సంతోషముతో నిచ్చినది రెండవవానికి మామూలగును, మూడవవానికి శిక్ష యగును. "మామూలు" అను మాటయే మన భాషలో లంచమునకు పర్యాయపదముగా మారుట యీ చరిత్రకు సాక్ష్యము.

మూడు నాలుగు శతాబ్దములు గడచినవి. తెరచాపలు పోయి యంత్రములు వచ్చినవి. రేవులోని చేయి మాత్రము మారలేదు. నేటి యోడ రేవు జేరగానే సుంకము, వలస, ఆరోగ్యము, పారిశుధ్యము మొదలగు శాఖల యుద్యోగులు పైకెక్కుదురు. సిబ్బంది జాబితా, మందుల పట్టిక, చెత్త నమోదు పుస్తకము, తాళము వేసిన సరకుగది లెక్క, వీనిలో నేదో యొక చిన్న పొరపాటు దొరకకపోదు. సూయెజు కాలువలో దారి చూపువారు సిగరెట్ల కొరకు జేయు నిర్బంధముచేత నావికులు దానికి "మార్ల్‌బోరో కాలువ" యని పేరు పెట్టుకొనిరి. ఉద్యోగి చేతిలోని యాయుధము చట్టము కాదు, ఆలస్యము. నిలిచిన యోడకు దినదినమును విశేషధనము వ్యయమగును. దానితో బోల్చినచో నాలుగు పెట్టెల సిగరెట్లు తృణప్రాయము. ఈ లెక్కయే కెప్టెను చేత నీతి తప్పించుచున్నది.

అయినను నిరాశకు గారణము లేదు. 2011లో కొన్ని నౌకాసంస్థలు కూడి "మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్" అను కూటమిని స్థాపించినవి. లంచ మడిగిన ప్రతి సంఘటనను పేరు బయటపెట్టకుండ నమోదు చేసి, ఏ రేవులో నే రోగ మున్నదో యిది గుర్తించుచున్నది. సూయెజులో సిగరెట్లు కోరువారికి అన్ని యోడలు నొక్కమాటగా "ఈయము" అని చెప్పవలెనని 2015లో సంకల్పించిరి. ఒక యోడ నాపవచ్చును గాని, వరుసగా వచ్చు నోడలన్నిటి నాపుట యెవ్వనికి సాధ్యము? అర్జెంటీనాలో ధాన్యము నింపుటకు ముందు ఓడగదులు శుభ్రముగా నున్నవా యని చూచు పరీక్షకుని నోటిమాటయే తుదితీర్పుగా నుండి లంచమునకు దావిచ్చెను. ఈ కూటమి ప్రయత్నముచే 2017లో నిబంధనలు మారి, పరీక్షాఫలితమును యంత్రమున నమోదు చేయుటయు, వివాదము వచ్చినచో పైవారికి నివేదించుటయు నేర్పడినవి. గణపతిదేవుడు రాతిపై జేసిన పనియే యిది. సాధనము మాత్రము వేరు.

మన దేశపు చట్టమును గూడ మనవారు తెలిసికొనవలెను. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించిన పిమ్మట లంచ మిచ్చుటయు నేరమే. నిర్బంధముచే నిచ్చినవాడు 7 దినములలోపల నధికారులకు దెలిపినచో వానికి రక్షణ కలదు. మరియు నౌకోద్యోగములకై మన పిల్లలయొద్ద దళారులు లక్షలు గుంజుట వినుచున్నాము. 2006 నాటి నౌకాకార్మిక ఒడంబడికను మన దేశము 2015లో నంగీకరించినది. దాని ప్రకారము ఉద్యోగ మిప్పించుటకు నావికునియొద్ద రుసుము గైకొనరాదు. వైద్యపత్రము, నావికపుస్తకము, పాస్‌పోర్టు వంటివాని ఖర్చు మాత్రమే యాతనిది. సొమ్మిచ్చి కొనిన యుద్యోగముతో నోడ యెక్కిన కుఱ్ఱవాడు ఆ సొమ్ము రాబట్టుకొన జూచును. బందరు నిజారాదారు కథయే యిది గదా!

ఇప్పుడు నా శిష్యుని ప్రశ్నకు వత్తును. నాయనా, నీవు చేసినది ధర్మమే. కాని ఆ ధర్మమును నీ వొక్కడవే మోయవలసి వచ్చుట మా యధర్మము. ఓడ యాలస్యమైనచో దండుగ విధించువారము మేము. సరకు ముందు చేరవలెనని తొందరపెట్టువారము మేము. కెప్టెను లెక్కలో "ఖర్చులు" అని వ్రాసిన పంక్తిని చూచియు చూడనట్లుండువారము మేము. కావున మన సంఘమున నోడలు గలవారును, ఎగుమతి దిగుమతులు చేయువారును తమ యొప్పందములలో నొక్క వాక్యము చేర్పవలెనని ప్రార్థించుచున్నాను: లంచ మీయనందున గలిగిన యాలస్యమునకు నావికుని దండింపము. మన పోషకులు నౌకావిద్యార్థులకు వేతనము లిచ్చునప్పుడు, దళారికి సొమ్మీయమని వారి తల్లిదండ్రులచే మాట గైకొనవలెను.

మోటుపల్లి రేవున నేడు మహానౌకలు లేవు. శాసనము మాత్రము నిలిచియున్నది. శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి యనుగ్రహమున, రేవులో చాచిన చేతికి "సుంక మెంతయో చూపుము, అంతయే యిత్తును" అని నిర్భయముగా బలుకు నావికులను, వారి వెనుక నిలువగల వర్తకులను మన కులము కనుగాక.