రేకు రైలు చెప్పే సాక్ష్యం

2005వ సంవత్సరం జనవరి మాసంలో జర్మనీ దేశంలోని గ్యోపింగెన్ అనే చిన్న పట్టణంలో ఒక వింత దొంగతనం జరిగినది. రాత్రివేళ దొంగలు జొరబడినది మెర్క్లిన్ అనే ప్రసిద్ధ సంస్థవారి బొమ్మల ప్రదర్శనశాలలోనికి. వారు మూటగట్టుకొని పోయినవి ఒకప్పటి పిల్లలు ఆడుకొన్న రేకు రైళ్లు, ఇంజన్లు, వాటి పరివారమూను. నూటికి పైగా ఉన్న ఆ వస్తువుల విలువ పది లక్షల యూరోలకు మించునని అంచనా వేసినారు. కొన్ని వారాలలోనే పోలీసులు దొంగలను పట్టుకొని, సొత్తులో అధికభాగాన్ని రాబట్టగలిగినారు.

కళాయి పూసిన ఇనుప రేకును కత్తిరించి, వంచి, రంగు వేసిన బొమ్మకు ఇంత విలువ ఎందుకు కలిగినది? చూచుటకు అదేవిధంగా ఉన్న మరొక రేకు రైలు సంతలో పాత సామానుల గుట్టలో పడి ఉంటే అడిగే దిక్కు ఎందుకు లేదు? ఈ రెండింటి భేదమును గుర్తించే విద్య పాశ్చాత్య దేశాలలో ఒక చిన్న శాస్త్రంగా పెరిగినది. ఆ శాస్త్రసారాన్ని ఒక్క మాటలో చెప్పవలెనంటే, పాత బొమ్మ ఒక సాక్షి. దాని రంగు, అచ్చు, మర, అడుగున ఉన్న ముద్ర, పైన పడిన గీత, ఇవన్నీ ఆ సాక్షి పలికే మాటలు. తెలియక, మంచి చేయుచున్నామనే భావంతోనే, ఆ సాక్షి నోరు మూయించేవారు మనలో ఎందరో ఉన్నారు.

ముందుగా చరిత్ర కొంత తెలిసికొందాము. జర్మనీలో ఆవిరి బండి మొట్టమొదట నడిచినది 1835 డిసెంబరు 7వ తేదీన, న్యూరెంబర్గు నుండి ఫ్యూర్తు వరకు. ఆ న్యూరెంబర్గు అప్పటికే బొమ్మల పనివారికి పేరుమోసిన నగరం. పెద్ద రైలు వచ్చిన చోటనే చిన్న రైలు కూడా పుట్టి పెరిగినదన్న మాట. మొదట్లో ఈ బొమ్మలు నేలమీద లాగుకొని తిరిగేవి. తరువాత కీ ఇచ్చి స్ప్రింగుతో నడిపేవి వచ్చినవి. నిజంగా నీళ్లు కాచి ఆవిరితో నడిపే చిన్న ఇంజన్లు కూడా సంపన్నుల ఇండ్లలో ఉండేవి.

1859లో గ్యోపింగెన్‌లో మెర్క్లిన్ అనే రేకుపనివాడు బొమ్మరిళ్లకు కావలసిన చిన్న చిన్న వంటపాత్రలు చేయడం ఆరంభించినాడు. అతని కుమారులు 1891లో లైప్‌జిగ్ సంతలో ఒక కొత్త సంగతిని ప్రదర్శించినారు. ఎనిమిది అంకె ఆకారంలో పరచిన పట్టాలమీద, కీ ఇస్తే పరుగెత్తే రైలు అది. దానితోపాటు పట్టాల వెడల్పుకు వారు కొలతలు ఏర్పరచి, వాటికి అంకెల పేర్లు పెట్టినారు. ఒకటవ గేజి అనగా 45 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన సున్నా గేజి 32 మిల్లీమీటర్లు. ఈ ఏర్పాటు చిన్నదిగా కనిపించును గాని, దీనితో బొమ్మల వర్తకమే మారిపోయినది. ఈ పుట్టినరోజుకు ఇంజను కొన్న తండ్రి, వచ్చే పండుగకు రెండు పెట్టెలు, ఆ పై ఏడు ఒక స్టేషను కొనవచ్చును. అన్నీ ఆ పట్టాలమీదనే అమరుతవి. అందువల్ల నేటికి కూడా పాత రైలు చేతికి వస్తే నిపుణుడు మొట్టమొదట చేసే పని చక్రాల మధ్య వెడల్పు కొలుచుట.

రెండవ పని అడుగుభాగం తిప్పి ముద్ర వెదకుట. న్యూరెంబర్గులో బింగ్ సోదరులు స్థాపించిన కర్మాగారం తన కాలంలో ప్రపంచంలోని అతిపెద్ద బొమ్మల కర్మాగారాలలో ఒకటి. మొదటి ప్రపంచయుద్ధం వరకు వారి సరకుమీద జి.బి.ఎన్. అనే అక్షరాలు ఉండేవి. 'న్యూరెంబర్గు బింగ్ సోదరులు' అని వాటి అర్థం. యుద్ధానంతరం ఆ స్థానంలో బి.డబ్ల్యు. అనే అక్షరాలు వచ్చినవి. 1930ల ఆరంభంలో ఆర్థికమాంద్యపు దెబ్బకు ఆ సంస్థ కూలిపోవడంతో ఆ ముద్ర కూడా అంతరించినది. ఆ వంశీయుడైన స్టెఫాన్ బింగ్ అంతకుముందే విడిపోయి వేరొక సంస్థలో చేరి, 'ట్రిక్స్' అనే పేరుతో చిన్న విద్యుత్ రైళ్లను 1935లో బజారులోకి తెచ్చినాడు. ఆయన యూదుడు. నాజీల పాలనలో ఆ సంస్థను అమ్ముకొని, 1938లో ఇంగ్లండుకు వలసపోవలసివచ్చినది. రేకుమీద రెండు అక్షరాలు మారడం వెనుక ఒక కుటుంబం బ్రతుకు, ఒక దేశం గతి దాగియున్నవని ముద్రలు చదవడం నేర్చినవారికి తెలుస్తుంది.

ఇంగ్లండు కథ వేరు. నార్తాంప్టన్ పట్టణవాసి బాసెట్-లోక్ 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో జర్మన్ బొమ్మల పనితనం చూచి ముగ్ధుడై, ఇంగ్లీషు ఇంజన్ల నమూనాలను బింగ్ వారిచేత చేయించి తన దేశంలో అమ్మినాడు. అందుచేత పైకి అచ్చమైన ఇంగ్లీషు ఇంజనుగా కనిపించేది పుట్టుకచేత జర్మనుది కావచ్చును. మొదటి యుద్ధం తరువాత ఇంగ్లండులో జర్మన్ సరకుపై విముఖత ప్రబలినది. ఆ అదనులో లివర్‌పూల్ నగరవాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లను విడుదల చేసినాడు. పిల్లవాడు మరలు విప్పి, తిరిగి బిగించుకొనే విధంగా ఆ మొదటి ఇంజన్లను తయారుచేసినారు. 1938లో అంతకన్న చిన్నవైన 'డబ్లో' రైళ్లు వచ్చినవి. 1964లో ఆ సంస్థ వేరొక బొమ్మల సంస్థ చేతిలోనికి పోయినది.

ఇంగ్లీషు రైళ్ల కాలనిర్ణయానికి ఒక సులభమార్గం ఉన్నది. 1923 జనవరి 1వ తేదీన ఆ దేశపు రైలు కంపెనీలు చాలవరకు నాలుగు పెద్ద కంపెనీలుగా కలిసినవి. 1948 జనవరి 1వ తేదీన ఆ నాలుగూ జాతీయమై బ్రిటిష్ రైల్వేలు అయినవి. బొమ్మలు చేసేవారు కూడా తదనుగుణంగా రంగులు, అక్షరాలు మార్చినారు. కాబట్టి బ్రిటిష్ రైల్వేల గుర్తు ఉన్న బొమ్మను ఎవరైనా 'మా తాతగారు 1930లో కొన్నది' అని చూపితే, ఆ తాతగారి జ్ఞాపకం ఎంత గట్టిదైనా, బొమ్మమీది అక్షరాలనే నమ్మవలెను.

దేశాల చట్టాలు కూడా ఇక్కడ సాక్ష్యానికి వస్తవి. 1887లో ఇంగ్లండు చేసిన వర్తకచిహ్నాల చట్టం, 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం, దిగుమతి సరకుపై పుట్టిన దేశం పేరు వేయు ఆచారాన్ని స్థిరపరచినవి. జర్మన్ బొమ్మలపై డి.ఆర్.జి.ఎం. అనే నాలుగు అక్షరాలు ఉంటే అది 1891లో వచ్చిన నమూనాల రక్షణ చట్టం తరువాతి సరకు. 'అమెరికా మండలం, జర్మనీ' అని ఉంటే రెండవ యుద్ధం ముగిసిన తరువాతి కొద్ది సంవత్సరాలది. 'ఆక్రమిత జపాను' అని ఉంటే 1952కు పూర్వపుది. ఐతే ముద్ర లేనంతమాత్రాన బొమ్మ మరీ పాతదని సిద్ధాంతం చేయరాదు. స్వదేశంలో అమ్మిన సరకుకు దేశం పేరు అక్కరలేదు గదా.

మూడవది పనితనపు పరీక్ష. 19వ శతాబ్ది చివరి మేలురకపు బొమ్మలకు అతుకులు టంకంతో వేసి, రంగులు చేతితో పూసేవారు. కుంచె వెంట్రుకల జాడ, గీతలో చిన్న వణుకు కనిపిస్తవి. తరువాతి చౌకరకాలలో బొమ్మను రేకుమీద లిథో అచ్చువేసి, రేకు నాలుకలను సందులలో దూర్చి మడిచేవారు. భూతద్దంతో చూచినప్పుడు రంగు అంతా పత్రికలలోని ఛాయాచిత్రంవలె సన్నని చుక్కల వరుసలుగా కనబడితే అది ఇటీవలి నకలేమోనని అనుమానించవలెను. మరల విషయం కూడా గమనించవలె. తలమీద కూడిక గుర్తు ఉన్న మరను అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో ప్రచారంలోకి తెచ్చినాడు. అట్టి మర బిగించి ఉన్న బొమ్మను 1910 నాటిదని ఎవరైనా చెప్పితే, బొమ్మ అయినా కొత్తది కావలె, కనీసం ఎవరో విప్పి బాగుచేసినదైనా కావలె.

ట్రాము బొమ్మలకు ఈ నియమాలతోపాటు మరొక విశేషం కలదు. బెర్లిన్ చెంత లిక్టర్‌ఫెల్డెలో 1881లో విద్యుత్ ట్రాము నడిచినది. మన దేశంలో మొదటి విద్యుత్ ట్రాము 1895లో మద్రాసు వీధులలో నడిచి, 1953 వరకు నిలిచినది. మద్రాసులో చదువుకొన్న తెలుగువారి తరాలకు అది నిత్యవాహనం. బొమ్మ ట్రాములు ఈ మార్పునంతా అనుసరించినవి. మొదట గుర్రాలు లాగేవి, తరువాత కప్పుమీద తీగను తాకే కడ్డీ గలవి వచ్చినవి. ఆ కడ్డీ, మెట్లు, లోపలి రేకు మనుష్యులు, ఇవి అన్నింటికన్న ముందుగా ఊడిపోయే భాగాలు. అవి అసలువే మిగిలి ఉన్న ట్రాము దొరకడం అరుదు. కొత్తగా చేసి అతికించినవైతే ఆ సంగతి కొనేవారికి దాచక చెప్పవలె.

ఇక విలువ నిర్ణయం. చేసినవారెవరు, ఎన్ని మిగిలినవి, అసలు రంగు ఎంత నిలిచినది, కీ, పెట్టె, కొక్కెములు ఉన్నవా, కోరేవారు నేడు ఉన్నారా, ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు కలిపితే విలువ వస్తుంది. వయస్సు ఒక్కటే విలువ కాదు. వేలకొలది చేసిన చౌకరకపు బొమ్మ నూరేండ్లదైనా స్వల్పధరే పలుకుతుంది. కొద్దిగా చేసిన పెద్ద ఇంజను ఆస్తితో సమానం కావచ్చును. అదీగాక, బాల్యంలో ఆ రైళ్లతో ఆడుకొన్న తరం క్రమంగా తరిగిపోవడంతో, యుద్ధానంతరం విరివిగా వచ్చిన సాధారణ రైళ్ల ధరలు ఇటీవల తగ్గినవి. అమ్మేవాడు అడిగే ధరను చూచి భ్రమపడరాదు. వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరే ప్రమాణం. అందులోనుంచి కూడా వేలంవారి తరుగు పోతుంది.

అన్నింటికన్న ముఖ్యమైన మాట ఒకటి. పాత బొమ్మ చేతికి రాగానే దానిని సబ్బుతో తోమి, తుప్పు గీకి, బజారునుంచి రంగు తెచ్చి నిగనిగలాడించవలెనని చాలామందికి తోస్తుంది. ఆ ఒక్క పూటలో దాని విలువ అధికభాగం నశిస్తుంది. తిరిగి రంగు వేసిన దానిని నిపుణుడు తేలికగా పసిగట్టును. తుప్పుమీదనే రంగు ఉండుట, రేకు నాలుకల మడతలలో కొత్త రంగు చేరుట, చేయి తగిలి అరగవలసిన చోట అరుగుదల లేకపోవుట, ఇవి దాని ఆనవాళ్లు. అతినీలలోహిత దీపం క్రింద కొన్ని నవీన రంగులు వేరుగా మెరుస్తవి కూడా. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలును.

1930ల నాటి పోత బొమ్మలకు మరొక జబ్బు ఉన్నది. 1934లో హార్న్‌బీ సంస్థ 'డింకీ' వరుసలో తెచ్చిన చిన్న ట్రాము ఆ కాలపు పోత బొమ్మలలో ఒకటి. తుత్తునాగపు మిశ్రలోహంలో సీసపు కల్తీ కొద్దిగా చేరినా, ఏండ్లు గడిచినకొద్దీ ఆ లోహం పగుళ్లుబారి, ఉబ్బి, చివరకు బిస్కత్తువలె పొడి అవుతుంది. దీనికి మందు లేదు. తేమ తగలనీయక, వేడి మార్పులు లేనిచోట ఉంచడమే ఉపశమనం. కొనేముందు చక్రాలను, పోత భాగాలను పరీక్షించడం అందుకే అవసరం. పాత విద్యుత్ రైళ్లను గోడ ప్లగ్గుకు తగిలించి చూడరాదు. 1925లో హార్న్‌బీవారి మొదటి విద్యుత్ ఇంజను ఇంటి కరెంటు సాయంతో నడిచినది. అట్టి వాటిలో తీగలపై తొడుగు ఈపాటికి శిథిలమై ప్రాణాపాయకరంగా ఉండవచ్చును. పాత రంగులలో సీసం ఉండే అవకాశముంది గనుక చిన్నపిల్లల నోటికి అందనీయరాదు.

మీ ఇంటి అటకమీది ట్రంకుపెట్టెలో ఇట్టి బొమ్మ ఎప్పుడైనా బయటపడితే, ముందు కీ తిప్పకండి, నీళ్లు తగలనీయకండి. పట్టాలు, కీ, చిరిగిన అట్టపెట్టె, పాత బిల్లు, ఏది ఉంటే అది దానితోనే ఉంచండి. తరువాత ఇంటిలో పెద్దలెవరైనా ఉంటే వారి దగ్గర కూర్చొని, అది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరు తెచ్చినారు అని అడిగి ఒక కాగితంమీద వ్రాసి, తేదీ వేసి, ఆ పెట్టెలోనే పెట్టండి. ముద్రను, రంగును నిపుణుడు రేపైనా చదువగలడు. ఆ పెద్దలకు తెలిసినది మాత్రం ఈనాడు అడిగితేనే దొరుకుతుంది.