గుర్తింపు సంఘం: మెజారిటీ కార్మికుల మద్దతును నిర్ధారించే విధానం

కడియం (తూర్పు గోదావరి జిల్లా): ఒక పరిశ్రమలో పలు కార్మిక సంఘాలు ఉన్నప్పుడు యాజమాన్యంతో వేతన ఒప్పందంపై సంతకం చేసే అర్హత ఏ సంఘానికి ఉన్నది? కార్మికులలో అత్యధికులు ఏ సంఘం వెంట ఉన్నారో నిర్ధారించిన తరువాతనే ఈ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది. ఈ నిర్ధారణకు దేశంలో ఆరు దశాబ్దాలకు పైగా అనుసరించిన పద్ధతులు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 తెచ్చిన మార్పులు, కడియం ప్రాంతానికి వాటి అన్వయం ఈ వ్యాసంలో వివరించబడినవి.

రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులతో సంఘాన్ని రిజిస్టరు చేసుకునే వీలుండేది. 2001లో చేసిన సవరణ ద్వారా సంస్థలోని కార్మికులలో 10 శాతం లేదా 100 మంది, వీటిలో ఏది తక్కువైతే అంత సభ్యత్వం, కనీసం ఏడుగురు ఉండాలన్న నిబంధన చేరినది. రిజిస్ట్రేషన్ వలన సంఘానికి చట్టబద్ధమైన అస్తిత్వం కలుగుతుందే తప్ప, యాజమాన్యం ఆ సంఘంతోనే చర్చలు జరపాలన్న నిర్బంధం ఏర్పడదు. నిర్బంధ గుర్తింపు కోసం 1947లో చట్టానికి చేసిన సవరణ ఎన్నడూ అమలులోకి రాలేదు.

ఈ లోటును కొంతవరకు పూరించినది 1958 మే నెలలో నైనిటాల్‌లో జరిగిన 16వ భారత కార్మిక మహాసభ ఆమోదించిన క్రమశిక్షణా నియమావళి. దీని ప్రకారం గుర్తింపు కోరే సంఘం రిజిస్టరై కనీసం ఒక సంవత్సరం పనిచేసి ఉండాలి. సంస్థలోని కార్మికులలో 15 శాతం మంది అందులో సభ్యులై ఉండాలి. గడచిన ఆరు నెలలలో కనీసం మూడు నెలల చందా చెల్లించిన వారినే సభ్యులుగా లెక్కించాలి. అర్హత గల సంఘాలు ఒకటికి మించినచో అత్యధిక సభ్యత్వం గల దానికి గుర్తింపు లభిస్తుంది. ఆ గుర్తింపు రెండేళ్ల పాటు కొనసాగాలి. ఇది చట్టం కాదు. ఉభయ పక్షాలు స్వచ్ఛందంగా అంగీకరించిన ఒడంబడిక మాత్రమే.

చందా పుస్తకం నుండి బ్యాలెట్ పెట్టెకు

చందా రసీదుల తనిఖీతో చిక్కులు తప్పలేదు. ఒకే కార్మికుడు రెండు మూడు సంఘాలకు చందా కట్టడం, సభ్యత్వ పుస్తకాలపై పరస్పర ఆరోపణలు సాధారణమైనవి. దీనికి ప్రత్యామ్నాయం రహస్య బ్యాలెట్. భారత ఆహార సంస్థ ఉద్యోగుల సంఘం కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ పద్ధతికి అనుసరణీయమైన విధివిధానాలను నిర్దేశించినది. కార్మిక శాఖ నియమించిన అధికారి ఎన్నికల అధికారిగా వ్యవహరిస్తారు. ఓటర్ల జాబితా ప్రకటన, అభ్యంతరాల పరిష్కారం, పోలింగు, సంఘాల ప్రతినిధుల సమక్షంలో లెక్కింపు ఆ అధికారి పర్యవేక్షణలోనే జరుగుతాయి.

తెలుగు ప్రాంతంలో ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ సింగరేణి కాలరీస్. 1990వ దశకం ఆరంభంలో అక్కడ అనేక సంఘాల మధ్య పోటీ కారణంగా ఏటా వందల సంఖ్యలో సమ్మెలు జరిగేవి. 1998లో తొలిసారి కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యంలో రహస్య బ్యాలెట్ నిర్వహించారు. సంస్థ మొత్తం మీద ఎక్కువ ఓట్లు పొందిన సంఘం గుర్తింపు సంఘంగాను, ఏరియాల వారీగా ఆధిక్యం పొందినది ప్రాతినిధ్య సంఘంగాను వ్యవహరించే ఏర్పాటు అక్కడ ఉన్నది. 2012, 2017 ఎన్నికలలో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో ఏఐటీయూసీ అనుబంధ సంఘం గుర్తింపు పొందినవి.

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో కూడా కార్మిక శాఖ పర్యవేక్షణలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగేవి. 2020 జనవరి 1 నుండి ఆ సంస్థ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులైనారు.

కోడ్ నిర్దేశించిన కొలమానం

పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 14వ సెక్షన్ గుర్తింపును తొలిసారిగా దేశవ్యాప్త చట్ట నిబంధనగా మార్చినది. సంస్థలో ఒకే రిజిస్టర్డ్ సంఘం ఉన్నచో, నిర్దేశిత ప్రమాణాలకు లోబడి, అదే ఏకైక చర్చల సంఘం. ఒకటికి మించి ఉన్నచో హాజరు పట్టీలోని కార్మికులలో 51 శాతం లేదా అంతకు మించిన మద్దతు గల సంఘానికి ఆ హోదా లభిస్తుంది. ఏ సంఘానికీ అంత బలం లేనప్పుడు, 20 శాతానికి తగ్గని మద్దతు గల సంఘాల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పాటవుతుంది. గుర్తింపు మూడేళ్లు అమలులో ఉంటుంది. పరస్పర అంగీకారంతో మొత్తం ఐదేళ్లకు మించకుండా పొడిగించవచ్చును.

ఉదాహరణకు, హాజరు పట్టీలో 400 మంది ఉన్న ఒక కర్మాగారంలో మూడు సంఘాలకు వరుసగా 190, 130, 60 మంది మద్దతు ఉన్నదనుకొందాం. పాత నియమావళి ప్రకారం 190 మంది గల మొదటి సంఘమే గుర్తింపు పొందేది. కోడ్ ప్రకారం 51 శాతం అనగా 204 మంది కావలెను. ఆ సంఖ్య ఎవరికీ లేదు గనుక, 80 మందికి పైబడిన మద్దతు గల మొదటి రెండు సంఘాలు మండలిలో చేరతాయి. మూడవ సంఘాన్ని బలపరచిన 60 మందికి మండలిలో ప్రతినిధి ఉండరు. తటస్థంగా ఉన్న 20 మంది కూడా మొత్తం లెక్కలో ఉంటారు. అమెరికాలో 1935 నాటి చట్టం కింద జరిగే ఎన్నికలలో పోలైన ఓట్లలో మెజారిటీ చాలును. ఇక్కడ లెక్క పట్టీలోని మొత్తం కార్మికులపై జరుగుతుంది. కనుక మద్దతు ప్రకటించని ప్రతి కార్మికుని మౌనం సంఘం శాతాన్ని తగ్గిస్తుంది.

కడియంలో రెండు చిత్రాలు

కడియం మండలంలో ఈ నిబంధనల ప్రాముఖ్యం రెండు భిన్న రంగాలలో కనిపిస్తుంది. ఒకటి కాగితపు పరిశ్రమ. రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ సంస్థకు కడియం మండలంలోని ఎం.ఆర్.పాలెం వద్ద రెండవ యూనిట్ కలదు. ఇది గతంలో కోస్టల్ పేపర్స్ పేరుతో నడిచినది. మాతృసంస్థ యాజమాన్యం 2011లో ఇంటర్నేషనల్ పేపర్‌కు, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు మారినది. యాజమాన్యాలు మారినను వేతన ఒప్పందాల కొనసాగింపుకు కార్మికుల పక్షాన నిలకడగల ప్రతినిధి అవసరం. ఇటువంటి కర్మాగారాలలో హాజరు పట్టీ, వేతన రిజిస్టరు ఉంటాయి గనుక మెజారిటీని లెక్కించడం సాధ్యమే. అయితే కాంట్రాక్టరు పట్టీలో ఉన్న కార్మికులు ఏ లెక్కలోకి వస్తారన్నది ఏ పరిశ్రమలోనైనా వివాదానికి తావిచ్చే అంశం.

రెండవది నర్సరీ రంగం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం పరిసరాలలోని నర్సరీల నుండి మొక్కలు దేశంలోని అనేక రాష్ట్రాలకు తరలుతాయి. కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, కలుపు తీయడం, లారీలకు ఎక్కించడం వంటి పనులలో వేలాది మంది స్త్రీ పురుషులు రోజుకూలిపై జీవిస్తున్నారు. వీరిలో అనేకులు ఒక వారం ఒక తోటలో, మరొక వారం వేరొక తోటలో పని చేస్తారు. అసంఘటిత కార్మికులు సంఘం రిజిస్టరు చేసుకునేందుకు కోడ్ వీలు కల్పించినది. కాని 51 శాతాన్ని దేనిలో లెక్కించాలి? హాజరు పట్టీయే లేని చోట మెజారిటీని నిరూపించే ఆధారం ఉండదు. 2021లో ఆరంభమైన ఇ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు సాంఘిక భద్రతకు ఉపకరిస్తుంది గాని, అది చర్చల హక్కుకు ప్రాతిపదిక కాదు. అందువలన ఈ రంగంలో కూలి రేట్లు సాధారణంగా ఊరి వాడుక ప్రకారం, మేస్త్రీల ద్వారా నిర్ణయమవుతాయి.

గమనించదగిన అంశాలు

• రిజిస్టర్డ్ సంఘం, గుర్తింపు సంఘం అనే పదాలు ఒకే అర్థమివ్వవు. వార్తలలో ఈ భేదం పాటించవలెను.

• క్రమశిక్షణా నియమావళి ప్రకారం అత్యధిక సభ్యత్వం చాలును. కోడ్ ప్రకారం సగానికి మించిన మద్దతు అవసరం.

• సంఘాల మధ్య తలెత్తే వివాదాలు కోడ్ కింద ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తాయి.

• రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందం సంఘ సభ్యులకే గాక సంస్థలోని కార్మికులందరికీ, తరువాత చేరిన వారికి సైతం వర్తిస్తుంది. సంతకం చేసే వారి వెనుక నిజమైన మెజారిటీ ఉండవలసిన ఆవశ్యకత ఇందువలననే ఏర్పడినది.

• ఏ పద్ధతి అనుసరించినను తొలి మెట్టు కార్మికుల జాబితాయే. జాబితాలో పేరు లేని కార్మికుని మద్దతు లెక్కకు రాదు.